కోడూరు సముద్రానికి సుగుణక్క సైకిలు మీద

సముద్రం చూడాలన్న కోరికతో మొదలైన ప్రయాణం కాదిది. నా సైకిలు నన్ను ఇంట్లో వదిలేసి పద్దెనిమిది సార్లు సముద్రం చూసి వచ్చిందన్న కడుపుమంటతో మొదలైంది. నెల్లూరులో నాకు చిన్న కళ్లజోళ్ల దుకాణం ఉంది. వయసు నలభై ఏడు. పోయినేడు వరికోతలప్పుడు కోడూరు నుంచి తిరిగి వస్తూ, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీదికి సైకిలు ఎక్కించి జారిపడ్డాను. ఎడమ మోకాలి కింద ఎముక విరిగింది. లోపల ప్లేటు వేశారు. మూడు నెలలు ఆ కాలు నేల మీద మోపలేదు. అన్నాళ్లూ నా సైకిలు వసారాలో దుమ్ము పట్టి పడి ఉంటుందనుకున్నాను. మా ఆవిడ సుగుణ అలా అనుకోలేదు.

నలభై మూడేళ్లు వచ్చినా సైకిలు సీటు మీద ఒక్కసారి కూడా కూర్చోని మనిషి, నా మందుల కోసం ఆటోలకు ఎదురుచూసి విసిగిపోయి, మా ఇంటి ఎదురుగా ఉన్న బడి మైదానంలో పొద్దున్నే సైకిలు నేర్చుకోవడం మొదలుపెట్టింది. నేను కిటికీ దగ్గర కుర్చీలో, కాలు స్టూలు మీద చాపుకొని చూస్తుండేవాణ్ణి. పదకొండు సార్లు పడింది. లెక్కపెట్టాను. ఒక్క ఎముకా విరగలేదు. దానికి నేను సంతోషించాలి. నిజం చెబుతున్నాను, ఒళ్లు మండిపోయింది. నవంబరు వచ్చేసరికి శనివారం శనివారం కోడూరు పోయి రావడం మొదలుపెట్టింది (ఆదివారం చర్చి ఉంటుంది కాబట్టి శనివారం). సీటు గొట్టం మీద నా ఎత్తుకు నేను గీసుకున్న నల్ల గీత ఉంది. దానికి రెండంగుళాల పైన ఆమె గోళ్లరంగుతో ఎర్ర గీత గీసుకుంది. గొట్టం ఆ ఎర్ర గీత దాకా లోపలికి దిగితే సీటు ఆమెది. నేను చూసినప్పుడల్లా అది ఎర్ర గీత దగ్గరే ఉండేది. ఇంకో సైకిలు కొనుక్కుందామంది. వద్దన్నాను. ఈ ఇంట్లో సైకిలు తొక్కేది నేను కదా, రెండోది ఎందుకు?

నాలాగా దెబ్బ తగిలాక మళ్లీ మొదలుపెట్టేవాళ్ల కోసం నా సాధన గురించి కొంచెం చెప్పాలి. మొదట మంచం మీదే, చీలమండకు కిలో బియ్యం సంచి కట్టుకొని, పూటకు ముప్పై సార్లు కాలు ఎత్తడం. తర్వాత ఫిజియోథెరపీ గదిలో కదలని సైకిలు, రోజుకు పావుగంట. డాక్టరు సరేనన్నాక అదే బడి మైదానం. రెండు ఇటుకరాళ్ల వరసల మధ్య నడకకన్నా నిదానంగా తొక్కడం, ఒంటిచేత్తో తొక్కడం, వంకర పోకుండా భుజం మీంచి వెనక్కి చూడడం, రెండు బ్రేకులూ సమంగా నొక్కడం. నాలుగు నెలలు రోజూ చేశాను. ఒక్కటే చేయలేదు. దిగడం. కుడికాలు వెనక నుంచి తిప్పి దిగితే ఒంటి బరువంతా ఒక్క క్షణం ఎడమకాలి మీద పడుతుంది. ఆ క్షణమంటే భయం. అందుకని అరుగో మెట్టో చూసుకొని, దాని పక్కన ఆపి, కుడిపాదం దాని మీద ఆనించి మెల్లగా జారేవాణ్ణి. "ఎక్కడం కాదు సార్, దిగడం నేర్చుకోండి" అని ఫిజియో అమ్మాయి ప్రతి వారం చెప్పేది. తలూపేవాణ్ణి.

పోయిన మంగళవారం తెల్లవారుజామున పావుతక్కువ అయిదుకు బయల్దేరాను. నెల్లూరు నుంచి తోటపల్లి గూడూరు మీదుగా కోడూరు సముద్రం దాకా పాతిక కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. రోడ్డు చదును, ఎక్కడా ఎత్తు లేదు. పొద్దున గాలి వెనక నుంచే వస్తుంది, ఎక్కువ శ్రమ లేకుండా గంటకు పద్నాలుగు కిలోమీటర్లు పోవచ్చు. బస్సులో పోయేవాళ్లు వేళలు ముందే కనుక్కోండి, చివరి దూరానికి ఆటో మాట్లాడుకోవాల్సి వస్తుంది. దారి పక్కన వడ్ల కుప్పలు పట్టలు కప్పి ఉన్నాయి. ఏ చోట పడ్డానో ఆ చోటు కూడా దాటేశాను. ఎండ రాకముందు ఎవరూ వడ్లు పరవరు కాబట్టి రోడ్డంతా ఖాళీ. ఇంతేనా అనుకున్నాను. ఛాతీ కొంచెం పొంగింది కూడా.

కానీ ఆ పొంగు అంతకుముందే తోటపల్లి గూడూరులో ఒకసారి దిగిపోయి ఉంది. అక్కడ రమణమ్మ టిఫిను బండి పక్కన సిమెంటు దిమ్మె కనిపిస్తే దాని మీద పాదం ఆనించి ఆగాను. కారందోసె ముప్పై రూపాయలు, టీ పది. వేడిగా, కారం నషాళానికి అంటేలా ఉంటుంది, తప్పకుండా తినండి. ఆమె దోసె తిరగేస్తూ నన్ను చూడలేదు, సైకిలును చూసింది.

"ఇది సుగుణక్క సైకిలు గదా! నీకాడికెట్టా వచ్చినాదన్నా?"

"ఇది నాదేనమ్మా."

"అక్క అమ్మేసినాదా? అయ్యో, పోయిన శనివారం గూడా చెప్పలేదే!"

"సుగుణ నా భార్య."

చేతిలో అట్లకాడ ఆగిపోయింది. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, నా ఎడమకాలి దగ్గర ఆగింది. "అయితే కాలిరగ్గొట్టుకున్న అన్నవి నువ్వేనా!" అని గట్టిగా నవ్వింది. దోసె తింటున్న ఇద్దరు కూడా తలలు తిప్పి నా కాలు చూశారు. ఇరవై ఏళ్లుగా ఈ దారిన తొక్కుతున్నాను. ఇంతవరకు ఒక్కరూ నా పేరు అడగలేదు. ఆవిడ అయిదు నెలల్లో ఊరికంతా అక్కైపోయింది. ఆ దోసె కారం నోట్లోకన్నా కడుపులో ఎక్కువ మండింది.

ఊరు దాటాక రొయ్యల గుంటలు మొదలవుతాయి. నీళ్లు చిలికే చక్రాల చప్పుడు, బురద వాసన. ఒక కల్వర్టు గోడ చూసుకొని నీళ్లు తాగడానికి ఆగాను. గుంటలకు మేత వేసే మనిషి, పేరు మస్తానయ్య, మూరెడు వెడల్పున్న గట్టు మీద మోపెడుకు రెండు మేత సంచులు కట్టుకొని నేరుగా వచ్చేస్తున్నాడు. దగ్గరకొచ్చి ఆపాడు. ఆయన కూడా ముందు సైకిలునే గుర్తుపట్టాడు.

"అక్క రాలేదా అన్నా? ఈ గట్టు మీద నేనే నేర్పించినా అక్కకి. చక్రం దిక్కు చూడబాక, గట్టు చివర ఏముండాదో ఆడ చూడు అని చెప్పినా. రెండో వారానికే గట్టంతా తొక్కేసినాది."

చక్రం వైపు కాక దూరంగా చూడాలన్న సంగతి నేను ఫోనులో వీడియోలు చూసి, ఇటుకల మధ్య మూడు నెలలు తంటాలు పడి నేర్చుకున్నాను. ఆమెకు రెండు వారాలు! "ఓహో, బాగుంది" అన్నాను. నా గొంతు నాకే పుల్లగా వినిపించింది. మస్తానయ్య మాత్రం మంచి మాట ఒకటి చెప్పాడు. ఎనిమిది దాటితే సముద్రపు గాలి లేస్తుందట, పోయేవాడికి ఎదురు, వచ్చేవాడికి తోడు. కాబట్టి ఏడింటికల్లా ఒడ్డు చేరాలి.

ఏడుకు అయిదు నిమిషాలు ఉండగా చేరాను. సరుగుడు తోపు దాటగానే సముద్రం. ఒడ్డుకు లాగిన పడవ అంచు మీద పాదం ఆనించి దిగాను. వలలు దులుపుతున్నవాళ్లు తప్ప జనం లేరు. ఏడాది తర్వాత చూస్తున్నాను, కళ్లు తడవాలి. నాకేమో ఈ నీళ్లను సుగుణ పద్దెనిమిది సార్లు చూసింది కదా, నేనిప్పుడు ఒకటే కదా అన్న లెక్క తప్ప ఇంకేమీ తోచలేదు. పడవ నీడలో గంట సేపు కూర్చున్నాను. ఇక్కడ తాగే నీళ్లు దొరకడం కష్టం, రెండు సీసాలు తెచ్చుకోండి.

ఎనిమిదింటికి తిరుగుముఖం పట్టాను. మస్తానయ్య చెప్పిన గాలి వీపును తోస్తోంది. తొక్కకుండానే పోతున్నట్టుంది. కుప్పల మీది పట్టలు తీసేశారని దూరం నుంచే కనిపించింది. నేను పడ్డ చోట రోడ్డులో సగం వడ్లు. అంచున వరసగా రాళ్లు పెట్టారు. మిగిలిన సగంలో ఎదురుగా ట్రాక్టరు. రాళ్లకూ ట్రాక్టరుకూ మధ్య మూరెడు జాగా. మస్తానయ్య గట్టంత. సుగుణ దీన్ని నాలుగు వారాలుగా దాటుతోంది. వడ్లు పరుస్తున్నారు జాగ్రత్త అని నేనంటే, "నాకేం కాలేదు" అంది. ఆ "నాకేం"లో ఉన్న నొక్కు ఇన్ని రోజులూ నా చెవిలోనే ఉంది. ఆమె తొక్కుకుంటూ పోయిన చోట నేను ఆగుతానా? అనుకున్నాను. అనుకుంటుండగానే చేతులు బ్రేకులు నొక్కేశాయి. అరుగు లేదు. మెట్టు లేదు. సైకిలు వాలుతోంది.

"దిగు నాయనా! దిగితే ఏం పోద్ది?" వడ్లు కిందా మీదా ఆరేలా కాళ్లతో సాళ్లు తీసి తిరగేస్తున్న ఒక పెద్దావిడ కేకేసింది.

కుడికాలు తిప్పాను. ఒంటి బరువంతా ఎడమకాలి మీదికి వచ్చింది. నిలబడింది. ట్రాక్టరు పక్కనుంచి పోయింది. నేను సైకిలు పట్టుకొని రోడ్డు మీద నిలబడే ఉన్నాను.

పెద్దావిడ దగ్గరకొచ్చి సైకిలును చూసింది. "సైకిలక్క మొగుడివా? ఆ బిడ్డ కూడా ఈడ దిగే పోతది. ఒక్కనాడన్నా ఎక్కి పోలా."

"దిగుతుందా?"

"దిగకుండా? మా ఇంటాయన ఈడ్నే పడినాడు పెద్దమ్మా అని చెప్పి, అదో ఆ రాయికాడ కాసేపు నిలబడి చూస్తది. ఆనక నాతో కూడా వడ్లు తిరగేసి, నడిపించుకుంటా పోతది."

ఆమె ఇక్కడ గెలిచి పోతోందని నేను ఇంట్లో కుమిలిపోయాను. ఆమె ఇక్కడ దిగి నేను పడ్డ చోటి రాయిని చూసి పోతోంది. నేనూ తిరగేస్తానని వడ్లలోకి అడుగు వేశాను. "చెప్పులిడిచి! తినే గింజ!" అని కసిరింది పెద్దావిడ. "చెప్పులేంది, పోయినేడు బండే ఎక్కిస్తివి గదా." బూట్లు విప్పి, వట్టి పాదాలతో, పాదాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ సాలు తీశాను. కాలివేళ్ల సందుల్లో వేడి గింజలు. ఆ ఎడమకాలు ఏడాదిగా ఇంత పని చేయలేదు.

పదిన్నరకు ఇల్లు చేరాను. గేటు దగ్గర అరుగున్నా దాన్ని చూడకుండా దిగాను. పెట్టెలో నుంచి రెంచి తీసి, సీటును ఎర్ర గీత దాకా దించాను. సుగుణ గుమ్మంలో నిలబడి ముందు సీటును చూసింది, తర్వాత నా పాదాల మీద వడ్ల నుసిని చూసింది.

ఈర్ష్య పోయిందని రాస్తే ఈ కథ అందంగా ముగుస్తుంది. పోలేదు. ఒకటి మాత్రం తెలిసింది. నాలుగు నెలలు రోజూ నేను నేర్చుకున్నదంతా సైకిలు మీద ఉండిపోవడానికే. ఆవిడ నేర్చుకున్నదాంట్లో దిగడం కూడా ఉంది. ఈ దారిన పోయేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే: మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎనిమిది దాటాక రోడ్డు మీద వడ్లుంటాయి, వాటి మీద చక్రం నిలవదు, రాళ్ల వరస కనిపించగానే దిగి నడవండి. అందుకోసం ఇంటి దగ్గర రోజూ పది సార్లు, ఏ ఆసరా లేకుండా, దిగడం సాధన చేయండి.

"ఎన్ని సాళ్లు తిరగేసినావు?" అని అడిగింది సుగుణ, కాళ్లకు నీళ్లు పోస్తూ.

"రెండు" అన్నాను, కాస్త గర్వంగానే.

"నేను నాలుగు" అంది.

వచ్చే మంగళవారం ఆరు తిరగేస్తాను.