అనసూయక్కయ్య అడిగిన ప్రశ్నలు, మా పాపకు రాసిన మందు

గత మంగళవారం ఉదయం ఆఫీసుకు బయలుదేరబోతుండగా ఫోన్ మోగింది. మేముండే ఫార్మింగ్టన్ హిల్స్ ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ అక్కయ్యగా మెలిగిన ఫార్మసిస్టు అనసూయ గారు గుండెపోటుతో పరమపదించారన్న దుర్వార్త. కారు తాళాలు చేతిలో ఉన్నాయి, ఎటు వెళ్ళాలో తోచలేదు. శనివారమే కదా ఆమె మా వంటింట్లో కూర్చుని, కొత్త సబ్బు పెట్టె మీది సన్నటి అక్షరాలన్నీ ఓపికగా చదివారు!

అనసూయక్కయ్య జిజ్ఞాసామూర్తి. విశాఖపట్నంలో చదివి, ఈ దేశం వచ్చాక మళ్ళీ పరీక్షలు రాసి, మా ఇళ్ళకు దగ్గరి మందుల షాపులో ఉద్యోగంలో చేరారు. మందు సంచీ చేతికిచ్చి పంపేయడం ఆమెకు చేతకాదు. "ఎవరికి? ఎక్కడ రాస్తారు? ఏదీ, ఎంత తీస్తారో వేలి మీద చూపించండి" అనేవారు. ఆ అడగడంలో చిన్నపిల్లల కుతూహలం తొణికేది. కొందరు విసుక్కునేవారు. ఒకసారి నేనూ విసుక్కున్నాను.

ఆరేళ్ళ కిందటి చలికాలం. మావారు కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. మిషన్ల నూనెలు తగిలి ఆయన చేతులు పగిలి, నెత్తురోడేవి. చర్మవ్యాధుల డాక్టరు ఘాటైన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాశారు. వారంలో చేతులు నున్నబడ్డాయి. అప్పుడే మా ఎనిమిది నెలల పాప లలితకు డైపరు కట్టేచోట ఎర్రగా కందింది. ఇంట్లో ఉన్నదే కదా అని అదే రాశాను. మర్నాటికి ఎరుపు తగ్గింది. మానేస్తే మళ్ళీ వచ్చింది, మళ్ళీ రాశాను. అలా మూడు వారాలు గడిచాక, ట్యూబు ఖాళీ అయితే రీఫిల్‌కి వెళ్ళాను.

"ఇది రెండు నెలలు రావాలే! ఇంత తొందరగా ఎలా అయిపోయింది?" అన్నారు అక్కయ్య.

"వాడాం, అయిపోయింది."

"మీ ఆయన చేతులెలా ఉన్నాయి?"

"తగ్గిపోయాయక్కయ్యా. ఆయన ఎప్పుడో స్టాప్ చేశారు."

"మరి ఎవరు రాసుకుంటున్నారు?"

వెనక లైన్‌లో ఇద్దరున్నారు. నాకు చిరాకేసింది. "పాపకి. డైపర్ రాష్‌కి," అన్నాను.

ఆమె కౌంటరు వెనక నుంచి బయటికి వచ్చి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు.

"చూడు తల్లీ, అరచేతి తోలు మందం. పాపది ఉల్లిపొర లాంటి చర్మం. పైన ప్లాస్టిక్ పాంట్ వేస్తున్నావా?"

తలూపాను.

"అలా మూసిన చోట మందు ఇంకా లోపలికి దిగుతుంది. చర్మం పలచబడుతుంది, ఒంట్లోకీ పోతుంది. పిల్లల డాక్టర్‌కి ఇప్పుడే నేను కాల్ చేస్తాను. పాపని తీసుకెళ్ళు. ఆయన చూసి చెప్పేదాకా ఇంకేం రాయకు."

"నన్ను తిడతారా అక్కయ్యా?"

"నిన్నెందుకు తిట్టడం? ఎవరికి రాయాలో చెప్పాం గానీ, ఇంకెవరికీ రాయకూడదని నేనూ చెప్పలేదుగా."

ఇంటికెళ్ళి పాపని తీసుకుని, ఆ మంచులోనే డ్రైవ్ చేశాను. అది ఫంగస్ ఇన్‌ఫెక్షన్ అనీ, స్టెరాయిడ్ ఎరుపును కప్పిపెట్టి దాన్ని లోలోపల పెరగనిచ్చిందనీ పిల్లల డాక్టరు చెప్పారు. తొడ మడతల్లో చర్మం పలచబడి, అప్పటికే సన్నని రక్తనాళాలు కనబడుతున్నాయి. మందు మార్చి, కొన్ని నెలలు బరువూ ఎదుగుదలా కనిపెట్టి చూశారు. పాప కోలుకుంది. తొడ మీద రెండు తెల్లని గీతలు మిగిలాయి.

ఆ తర్వాత అక్కయ్య మా తెలుగువాళ్ళకిచ్చే ప్రతి ట్యూబుకూ తన ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలతో ఒక చీటీ అంటించేవారు: ఎవరికి, ఎక్కడ, ఎన్నాళ్ళు. "ఇది నువ్వు నేర్పిన పాఠమే" అని నాతో నవ్వేవారు. ఆ వినయానికి నేను సిగ్గుపడేదాన్ని.

అంత్యక్రియల నాడు ఆమె భర్త సూర్యం గారు నా పక్కన కూర్చుని అడిగారు. "నెల నుంచీ మెట్లెక్కితే ఆయాసపడేదమ్మా. చలి వల్లే అనేది. నీతో ఏమైనా చెప్పిందా?"

చెప్పలేదు. నేను అడగనూ లేదు. వారం వారం ఆమె ఎదుట కూర్చుని మా ఇంటి రోగాలన్నీ ఏకరువు పెట్టానే గానీ, "మీకెలా ఉందక్కయ్యా?" అని ఒక్కనాడూ నోరు తెరవలేదు.

మాకు ఆ లోటు తీరేది కాదు. మా లలిత స్కూలు బస్సెక్కే ప్రతి ఉదయమూ ఆ పుణ్యమూర్తికి నా నమస్కారం.