కొల్లేటి లంకలో స్వీడన్ సినిమా, బాషా గారి మ్యాజిక్

మా అన్నయ్య తాడేపల్లిగూడెం దగ్గర హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. దొంగ బాబాల గుట్టు ఊరూరా తిరిగి విప్పి చెప్పడం ఆయనకు ఉద్యోగంతోపాటే ఉన్న పని. మూడేళ్ల కిందట అదే ఊపులో ఒక పొరపాటు చేశాడు. ఉంగుటూరు వైపు ఒక బళ్లో ఏలూరు బాషా గారు మ్యాజిక్ చేస్తుంటే మధ్యలో లేచి, ఏది ఎలా చేస్తున్నారో పిల్లలకు చెప్పేశాడు. బాషా గారు తనకు శక్తులున్నాయని ఎన్నడూ అనలేదు. బళ్లు తిరిగి ఆట చూపించి బతికే మనిషి. ఆ తరవాత చుట్టుపక్కల బళ్లు ఆయన్ని పిలవడం మానేశాయి. ఆయన తివాచీల షెడ్డులో ఉన్ని చుట్టే పనికి కుదిరారని తెలిశాక అన్నయ్యకు మనసు నిలవలేదు. ఒక కొల్లేటి లంకలోని బడి హెడ్మాస్టారు మంచి సినిమా ఏదైనా వేయమని అడిగితే, సినిమా అయ్యాక అరగంట బాషా గారికి ఇస్తేనే వస్తానన్నాడు. పక్క ఊళ్ల హెడ్మాస్టార్లు కూడా చూస్తే బాషా గారిని మళ్లీ పిలుస్తారన్న ఆశతో వాళ్లకూ కబురు పెట్టించాడు. బాషా గారిని ఒప్పించే పని నాకు పడింది. “వస్తానండీ చెల్లెమ్మగారూ. నా ఆట అయ్యేవరకూ మాస్టారు గారు నోరు విప్పకూడదు. అదొక్కటేనండి” అన్నారాయన.

కార్తీకమాసం, ఆదివారం. ఇంట్లో దీపం పెట్టుకుని, ప్రొజెక్టరు మిషను పట్టుకుని తాడేపల్లిగూడెంలో పొద్దున ఏడు గంటల పాసింజరు ఎక్కాం. ఏలూరుకు గంటంపావు, టికెట్టు తొమ్మిది రూపాయలు. స్టేషన్ బయట బాషా గారు రేకు పెట్టెతో నిలబడి ఉన్నారు. నాకు నమస్కారం పెట్టారు, అన్నయ్య వైపు తల ఊపారు. కొల్లేటి రేవు దాకా ఆటో నూటయాభైకి మాట్లాడుకున్నాం. రోడ్డు సగం గోతులే. “ఆ మిషను ఒళ్లో పెట్టుకోండమ్మా, పగిలితే మా బండినంటారు” అన్నాడు డ్రైవరు. బాషా గారి పెట్టె చూసి “అందులో పావురాలున్నాయాండీ?” అని అడిగాడు. “ఉండేవి నాయనా. మేత పెట్టలేక వదిలేశాను” అన్నారాయన. అన్నయ్య బయటికి చూస్తూ కూర్చున్నాడు. రేవు నుంచి లంకకు దోనెలో ఇరవై నిమిషాలు, మనిషికి ఐదు రూపాయలు. చలికాలపు పక్షులు అప్పుడప్పుడే దిగుతున్నాయి. తెల్లని గూడబాతులు మేం దగ్గరికి వెళ్లినా కదల్లేదు.

బళ్లో వంట చేసే సత్యవతి గారు కొర్రమీను పులుసు వండి ఉంచారు. “కొల్లేరు వచ్చి చేప ముట్టరా? మా ఊరికి నామోషీ అండీ” అని నా మీద అలిగి, కార్తీకమాసమని చెప్పాక దోసకాయ పప్పు వేడిగా వేశారు. కిటికీలకు ధాన్యం కప్పే టార్పాలిన్లు కట్టి, ఒంటిగంటకు సినిమా మొదలుపెట్టారు.

ఆ సినిమా స్వీడన్ దేశానిది, నలుపు తెలుపు, నేను పుట్టిన కాలం నాటిది. బండి కట్టుకుని ఊళ్లు తిరిగే మ్యాజిక్ మేళం ఒక పట్నానికి వస్తుంది. అక్కడి పెద్దలు, ఒక డాక్టరు వాళ్లను ఆపి, ముందు మా ఎదుట ఆడి చూపించండి అంటారు. సైన్సుకు అందనిది ఏదీ లేదని రుజువు చేయాలని ఆ డాక్టరు పట్టుదల. మేళాన్ని నడిపే మనిషి మాట రానివాడిలా మౌనంగా చూస్తుంటాడు. తెర కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదివి అన్నయ్య తెలుగులో చెబుతున్నాడు. డాక్టరు వంతు వచ్చినప్పుడల్లా ఆయన గొంతు పెరుగుతోంది. “మాస్టారూ, ఆ డాక్టరు వేషానికి మీరే సరిపోయారండీ!” అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నా పక్కన కూర్చున్న ముసలామె మాత్రం నవ్వలేదు. “ఆయన పొట్ట కొడితే ఈ డాక్టరు బాబుకి ఏం ఒరుగుద్దంట?” అంది. ఆమెకు మా సంగతి ఏమీ తెలియదు. అన్నయ్య రెండు మూడు మాటలు చెప్పకుండా వదిలేశాడు. మళ్లీ అందుకున్నప్పుడు గొంతు తగ్గింది, చివరిదాకా పెరగలేదు.

తరవాత బాషా గారు లేచారు. ట్యూబులైట్లు వద్దు, ప్రొజెక్టరు వెలుగు చాలన్నారు. రుమాళ్లు, నాణేలు బాగానే నడిచాయి. ఆఖరున కాగితంతో కొంగను మడిచి అరచేతిలో పెట్టుకుని, రెండో చెయ్యి ఎత్తారు. కొంగ లేచింది. ఆ చెయ్యి కొంచెం ముందుకు జరిగింది, వెలుగులో సన్నని దారం తళుక్కుమంది. నాకే కనిపించిందంటే అన్నయ్యకు కనిపించదా? ముందు వరసలో ఒక పిల్ల లేచి నిలబడి “దారం!” అంది. బాషా గారి ముఖం పాలిపోయింది. హెడ్మాస్టార్లు ముందుకు వంగారు. “మాస్టారూ, దారం ఉంది కదండీ?” అని ఆ పిల్ల అన్నయ్యనే అడిగింది. అన్నయ్య నోరు విప్పలేదు. ప్రొజెక్టరును జానెడు పక్కకు తిప్పాడు. వెలుగంతా పక్క గోడ మీదికి పోయింది. మసక వెలుతురులో తెల్లకొంగ ఒక్కటే మిగిలి, బాషా గారి భుజం దాకా లేచి, నెమ్మదిగా ఆ పిల్ల చేతుల్లోకి దిగింది. ఆ పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి వెతికింది. దానికి ఏ దారమూ లేదు. ముందు చప్పట్లు కొట్టింది ఆ పిల్లే.

తిరుగు దోనెలో బాషా గారు రేకు పెట్టె ఒళ్లో పెట్టుకుని అన్నయ్య వైపు తిరిగారు.

“వెలుగు జరిపారు కదండీ మాస్టారూ?”

“మిషను వేడెక్కిందండీ.”

బాషా గారు దోనె ఊగేటట్టు నవ్వారు. “అబద్ధం ఆడటం మీకు చాతకాదండీ. రోజూ కాస్త సాధన చెయ్యాలి.”

“మీరు నేర్పండి” అన్నాడు అన్నయ్య.

పక్క ఊరి హెడ్మాస్టారు ఒకరు డిసెంబరులో రమ్మని బాషా గారికి తేదీ ఇచ్చారు. ఒక్కటే బడి. షెడ్డులో పని ఆయన ఇంకా మానలేదు. నేను రోజూ పూజ చేసుకునే మనిషిని, అన్నయ్య గుడి మెట్లు ఎక్కడు. ఏది నిజమో తేల్చుకోవాలని మేం చిన్నప్పటి నుంచీ వాదించుకున్నాం. బాషా గారిది ఆటేనని లంకలో చిన్నపిల్లకు కూడా తెలుసు, అయినా ఆ కొంగ లేవాలనే అందరం కోరుకున్నాం. అన్నయ్య కూడా కోరుకున్నాడని తెలిసి నాకు మనసు తేలికపడింది. మీరు కొల్లేరు వెళ్లేటట్టయితే సాయంత్రం ఐదింటికల్లా రేవుకు తిరిగి వచ్చేయండి. పొద్దుగూకితే దోనెలు కట్టేస్తారు, ఏలూరు ఆటోలూ దొరకవు.