కూతురు ఎక్కే బస్సులో

పావగడ బస్టాండులో పొద్దున ఆరింటికి బెంగళూరు బస్సు. నేను అయిదున్నరకే అక్కడున్నాను. రాత్రంతా కంటి మీద కునుకు లేదు. బెంగళూరు పీణ్యాలో ఒక కంపెనీలో బిల్లులు చూసే మా కూతురు లావణ్య, పది రోజులుగా ఎవడో తన వెనకే బస్సు దిగి హాస్టలు సందు దాకా వస్తున్నాడని చెప్పింది. పేరు పెట్టి కూడా పిలిచాడట. మా ఆయన ఒక్క మాటే అన్నాడు.

"పోయి చూడు. బాగలేదంటే పిల్లను పిల్చుకొని వచ్చేయ్."

పిలుచుకొచ్చి ఏం చేయాలో ఆయనకూ తెలియదు. తిరుమణి దగ్గర మా పొలమంతా కౌలుకిచ్చేశాం, సోలారు ప్లేట్ల కిందే ఉంది. వేరుశనగ పెరికే పని కూడా లేని ఇంట్లో చదివిన పిల్ల కూర్చుని ఏం చేస్తుంది?

ఈ దారిన వెళ్లే ఆడవాళ్లకు ఒక మాట. ఆధార్ కార్డు చేతిలోనే పెట్టుకోండి. కర్ణాటక బస్సుల్లో మనకు టికెట్టు ఉచితమే గాని కార్డు చూపందే కండక్టరు కదలడు. నేను సంచి అడుగున పెట్టి, పిల్లకని చేసిన ఓళిగల డబ్బా, చెట్నీపొడి అన్నీ ఒళ్లోకి తీసి వెదికాను. మధుగిరిలో పది నిమిషాలు ఆగింది. ఇడ్లీ కొనుక్కుని సగం తిని పారేశాను. పక్కన కూర్చున్న నిడుగల్లు ఊరామె ఎందుకు వెళ్తున్నావని అడిగితే కూతురికి జ్వరమని అబద్ధం చెప్పాను. నిజం చెబితే పిల్లదే తప్పన్నట్టు చూస్తుందని భయం.

పదింబావుకు మెజెస్టిక్. అక్కడి నుంచి సిటీ బస్సులో పీణ్యా. సాయంత్రం లావణ్య ఆఫీసు దగ్గరికే వెళ్లి, ఏడుంబావుకు దానితో కలిసి అది రోజూ ఎక్కే బస్సు ఎక్కాను. ముందు తలుపు నుంచే ఎక్కాలని, డ్రైవరు వెనక ఆడవాళ్ల సీట్లలోనే కూర్చోవాలని, నిలబడాల్సి వస్తే సంచి ముందుకు తెచ్చుకోవాలని నాకు నేర్పింది. నా కళ్లు మాత్రం వెనకే ఉన్నాయి. ప్రతి మగవాడూ వాడే అనిపించాడు.

మూడో స్టాపులో లావణ్య నా చేయి గట్టిగా పట్టుకుంది. ముప్పై ఏళ్లవాడొకడు వెనక తలుపులోంచి ఎక్కి కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ కన్నడం, హిందీ. మన మాట ఎవరికి తెలుస్తుందిలే అని మామూలు గొంతుతోనే అడిగాను.

"ఎవుడు? ఆ నీలం సొక్కా ఏసుకున్యోడా?"

లావణ్య నోరు తెరిచేలోగా వాడు తల వంచి తన చొక్కా చూసుకున్నాడు.

వాడికి తెలుగు వచ్చు. రోజూ బస్సెక్కగానే ఫోను చేయమని లావణ్యతో ఒట్టు వేయించుకున్నది నేను. దిగేదాకా పెట్టనిచ్చేదాన్ని కాదు. ఏ స్టాపు వచ్చింది, గదిలో తోడెవరున్నారు, ఆ పిల్ల ఊరికి పోయిందా, సందులో లైటు వెలుగుతోందా, అన్నీ అడిగేదాన్ని. బస్సు రొదలో అది స్పీకరు పెట్టి గట్టిగా జవాబు చెప్పేది. మాది తెలుగు కదా, ఆ ఊళ్లో ఎవరికీ అర్థం కాదని ఇద్దరికీ ధైర్యం. పిల్లను కాపాడుతున్నాననుకుంటూ పేరు, స్టాపు, హాస్టలు, తోడు లేని రోజులు అన్నీ వాడికి అందించింది నేనే.

లేచి నిలబడ్డాను.

"నీకు మా మాట తెలుస్తాదప్పా. మా పిల్ల ఎనక ఎందుకొస్తాండావో అందరికీ చెప్పు."

వాడు తలుపు వైపు జరిగాడు. నేను కండక్టరమ్మకు కన్నడంలో సంగతి చెప్పాను. ఆమె వెళ్లి వాణ్ణి నిలదీసింది. ఈలోగా ఒకావిడ ఫోనులో వాడి ఫోటో తీసి లావణ్యకు పంపింది. వాడు తర్వాతి స్టాపులో దిగి జనంలో కలిసిపోయాడు. మర్నాడు పొద్దున ఆ ఫోటోతో పోలీసు స్టేషనులో రాసిచ్చాం. విన్నారు, రసీదు ఇచ్చారు, దొరికితే కబురు చేస్తామన్నారు.

స్టేషను నుంచి హాస్టలుకు రాగానే బట్టలు సర్దుకోమన్నాను. లావణ్య మంచం మీది నుంచి లేవలేదు.

"నేను రానమ్మా. బస్సు మార్చుకుంటా, ఆఫీసు పిల్లోళ్లతో కల్సి వస్తా. నువ్వు మాత్రం నేను గది చేరేదాకా ఫోన్ చేయద్దు."

చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు. కోపం కూడా వచ్చింది. ఆ మాటలో తప్పు వెదికాను, దొరకలేదు. దాన్ని ఆఫీసు దగ్గర దింపి ఒక్కదాన్నే మెజెస్టిక్‌కు వచ్చాను.

నాలుగున్నరకు తిరుగు బస్సు దొరికింది. కొరటగెరె దాటేసరికి ఏడుంబావు, లావణ్య ఆఫీసు నుంచి బయల్దేరే వేళ. ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మధుగిరిలో అందరూ టీకి దిగారు, నేను దిగలేదు. రెండుసార్లు వేలు దాని పేరు మీదికి వెళ్లి వెనక్కి వచ్చింది. ఇన్నాళ్లూ పిల్ల గొంతు వినపడుతుంటే చాలు, భద్రంగా ఉన్నట్టే అనుకున్నాను. ఆ గొంతు నాకొక్కదానికే వినపడుతోందనుకున్నాను.

ఎనిమిదికి అయిదు నిమిషాలుందనగా "చేరినా" అని మెసేజి వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఇది ఒక్క రోజు. రేపు సాయంత్రం ఆ నలభై నిమిషాలూ ఇంట్లో ఏ పని పెట్టుకోవాలో నాకింకా తెలియదు.