మాస్టారు ఖాళీగా ఉంచిన చోటు

మా ఎదురింటి బొమ్మల మాస్టారు పోయేరండి. మధ్యాహ్నం భోంచేసి అరుగు మీద నడుం వాల్చేరు, మరి లేవలేదు. కొత్తపేట అంతా కదిలొచ్చింది. ఊరూరా ఆయన చేసిన నాయకుల విగ్రహాలున్నాయి మరి.

నేను చెప్పేది ఆయన ఎవరూ అడక్కుండా చేసిన దాని గురించి. ఇంటి పక్క జాగాలో ఇనుప చువ్వలతోనూ సిమెంటుతోనూ రెండు పెద్ద కొబ్బరి డొప్పల్లాంటివి ఎదురెదురుగా నిలబెట్టేరు. మధ్యలో ఒక్క మనిషి పట్టే చోటు, పైన ఆకాశం. "ఇందులో బొమ్మేదండీ?" అని అడగనివారు లేరు.

"బొమ్మ ఉండదండి. ఎవరినైనా తలుచుకోవాలనిపిస్తే లోపలికెళ్ళి నిలబడండి" అనేవారు. పెద్దాయనకి చాదస్తం ముదిరిందనుకున్నాం.

మా ఆయన కువైట్‌లో ఉన్నారు. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఇరుక్కుపోయింది. ఇక్కడ మా అత్తగారు మంచం మీద. ఏం కావాలన్నా స్టీలు గ్లాసుతో మంచం పట్టె మీద కొడతారు. స్నానం చేస్తున్నా గ్లాసే, ప్రార్థనలో ఉన్నా గ్లాసే. ఆవిడ తప్పేం లేదు, నాకే ఊపిరాడేది కాదు. చర్చికెళ్తే "మీ ఆయనెప్పుడొస్తారమ్మా" అంటారు.

ఒకరోజు మాస్టారే పిలిచేరు. "కాసేపు లోపలికెళ్ళండమ్మా. పెద్దావిడ గ్లాసు కొడితే నేను చెప్తాను."

వెళ్ళేను. గోడకి తల ఆన్చి, మా ఆయన్ని పేరు పెట్టి పిలిచి మరీ ఏడ్చేను. అప్పట్నుంచి రోజూ సాయంత్రం అంతే. ఆయన మట్టి పిసుకుతూ, మా గుమ్మం వైపు తల వంచి చెవి పెట్టుకుని కూర్చునేవారు. గ్లాసు మోగితే ఒక్కసారి దగ్గేవారు. లోపలేం చేస్తున్నారని ఏనాడూ అడగలేదు. సొంత కూతురికైనా అంత కాపలా ఎవరు కాస్తారండి.

దినం కాగానే శిష్యులు ఆయన విగ్రహం చేసి తెచ్చేరు, ఆ డొప్పల మధ్య పెడతామని.

"లోపల ఏమీ పెట్టొద్దనేవారండి మాస్టారు" అన్నాను.

"ఆయ్, నిజమేనండి. కానీ ఊరందరికీ బొమ్మలు చేసినాయనకి బొమ్మ లేకపోతే మాకు తలవంపులు కదండీ" అన్నారు పెద్ద శిష్యుడు. ప్రేమతోనే అన్నారు. నేను ఏడ్చుకునే చోటు అది అని నలుగురిలో ఎలా చెప్పను?

పెట్టేసేరు. ఇనుప గ్రిల్లు బిగించి తాళం వేసేరు. దండ మార్చమని తాళంచెవి ఎదురింటిదాన్నని నాకే ఇచ్చేరు. తాళం తీసినా లోపల మనిషి నిలబడే సందు లేదు.

నిన్న సాయంత్రం దండ మార్చి, గ్రిల్లు పట్టుకుని నిలబడ్డాను. పోలిక బాగా వచ్చింది. తల వంచి చెవి పెట్టినట్టే చేసేరు. ఆయన భుజం వెనక, గోడ మీద నా తలనూనె మరక ఇంకా ఉంది. అటు మా ఇంట్లో గ్లాసు మోగింది.

మాస్టారు దగ్గలేదు.