నేను ఆగిన పేజీ

మా వైపు ఇప్పుడు నిశ్చితార్థంలో ఉంగరం తర్వాత ఫోన్ పెడుతున్నారు. చీర, పండ్లు, తమలపాకులు, వాటి మధ్యలో ఒక ఫోన్ డబ్బా. పెళ్లి దాకా ఇద్దరూ మాట్లాడుకోవడానికి అది అబ్బాయి తరఫు కానుక. సూర్యాపేటలో మా వీధిలో పెళ్లి కుదిరిన అమ్మాయిల చేతుల్లో అలాంటి ఫోన్లు చాలా చూశాను. సాయంత్రాలు డాబాల మీద అటూ ఇటూ నడుస్తూ మాట్లాడుతుండేవాళ్లు. నాకు కుదిరినప్పుడు పెళ్లికి నేను భయపడలేదు. అంతసేపు ఏం మాట్లాడాలన్నదే నా భయం.

అతనికి కోదాడలో సెల్‌ఫోన్ షాపు ఉంది. పెళ్లిచూపుల్లో నన్ను ఒకటే అడిగాడు, ఖాళీగా ఉంటే ఏం చేస్తారని. పుస్తకాలు చదువుతానని చెప్పాను. ఆ రోజు నా నోట వచ్చిన మాట అదొక్కటే. అతను దాన్ని గుర్తు పెట్టుకున్నాడు.

నిశ్చితార్థం రోజు పళ్లెంలో పెట్టింది పాత ఐఫోన్. గాజు మార్చి, కొత్తదానిలా తుడిచి, అన్నీ తనే సర్ది తెచ్చాడు. భోజనాలయ్యాక మా నాన్న పక్కన కూర్చుని చూపించాడు.

"ఇది జైల్‌బ్రేక్ చేశాను మావయ్యా."

నాన్న బడిలో పంతులు. కళ్లజోడు సర్దుకుని, "జైలేంది బాబూ?" అన్నాడు.

"కంపెనీ వాడు లోపల తాళం వేసి అమ్ముతాడండీ. వాడి దగ్గర దొరికే యాప్‌లే వేసుకోవాలి, వాడు చెప్పినంత కట్టాలి. ఆ తాళం తీసేశాను. ఇక మన ఇష్టం. కొనుక్కోవాల్సినవన్నీ ఊరికే వచ్చేస్తాయి."

డిగ్రీ చదువుతున్న మా చెల్లె వెనక నుంచి అందుకుంది. "అంటే బావ దీనికి బెయిల్ ఇప్పిచ్చిండు నాన్నా. ఇగ ఎటన్న తిరుగుతది."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. తర్వాత ఫోన్ నా చేతికిచ్చి, నాకు మాత్రమే వినిపించేలా, "మీ కోసం పుస్తకాల యాప్ వేశాను. బయట డబ్బులు కడితే గానీ తెరుచుకోదు. ఇందులో అన్నీ ఉన్నాయి" అన్నాడు.

నిజంగానే అన్నీ ఉన్నాయి. నేను గ్రంథాలయంలో ఎన్నోసార్లు అడిగి లేవనిపించుకున్న నవలలు ఉన్నాయి. ఎవరో ఏదో ఊళ్లో కూర్చుని పేజీ పేజీ ఫొటో తీసినవి. కొన్ని పేజీల అంచున ఆ మనిషి బొటనవేలు కూడా పడింది. మొదటి పేజీలో గ్రంథాలయం ముద్ర, దాని కింద అనుమతి లేకుండా నకలు తీయరాదన్న వాక్యం. ఆ వాక్యం చదివి, పేజీ తిప్పి, చదవడం మొదలుపెట్టాను. రాసినవాళ్లకు ఇందులో ఏం అందిందోనన్న ఆలోచన అప్పుడు రాలేదు.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ను. హాలియా నుంచి, నిడమనూరు నుంచి వచ్చే వడ్ల లారీల తూకాలు ఎక్కించడం నా పని. రోజూ సూర్యాపేట నుంచి బస్సులో పోయి వస్తాను. ఆ బస్సు ప్రయాణమే నాకు చదువుకునే గది. పక్కన ఎవరు కూర్చున్నా, కండక్టర్ ఎంత అరిచినా నాకు పట్టదు. ఇంట్లో డైరీ రాసేటప్పుడైనా చెల్లె తొంగి చూస్తుందని చేయి అడ్డం పెడతాను. చదివేటప్పుడు ఏ అడ్డమూ అక్కర్లేదు. చదువుతున్న మనిషి లోపల ఏం జరుగుతుందో పక్కవాళ్లకు కనిపించదు కదా.

అతను రోజూ ఫోన్ చేసేవాడు.

"తిన్నావా?"

"తిన్న."

"ఏం కూర?"

"బీరకాయ."

"ఇంకా?"

"ఏం లేదు."

వంటింట్లోంచి అమ్మ సణిగేది. "మాట్లాడవే! మాట్లాడితే ముత్యాలు రాలిపోతయా?"

అప్పుడు నేను ఒక నర్సు కథ చదువుతున్నాను. ఆమెకు దూరపు ఊరికి బదిలీ అవుతుంది. ఎవరికీ చెప్పదు. రోజుకొక వస్తువు చొప్పున సర్దుకుంటూ ఉంటుంది. మధ్యలో ఒక పేజీలో ఆమె ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని జామకాయ తింటుంది. అంతే. ఆ పేజీ దగ్గర నేను ఆగిపోయాను. మిర్యాలగూడ బస్టాండ్ వచ్చేదాకా అదే పేజీ చూస్తూ కూర్చున్నాను. ఎందుకంటే చెప్పలేను. నా గురించి ఎవరో రాసినట్టు అనిపించిందంటే అది కూడా పూర్తిగా నిజం కాదు.

ఆ సాయంత్రం అతను కూర గురించి అడగలేదు.

"ఆ జామకాయ పేజీ దగ్గర అంతసేపు ఎందుకు ఆగావ్? అక్కడ ఏం జరగలేదు కదా."

"నువ్వు గూడ చదువుతున్నవా?" అని అడిగాను.

"అప్పుడప్పుడు" అన్నాడు.

ఆగానని అతనికి ఎలా తెలిసిందని ఆ పూట నాకు తట్టలేదు. అదే పుస్తకం తన ఫోన్‌లోనూ పెట్టుకుని ఉంటాడనుకున్నాను. సంతోషం లాంటిదేదో కలిగింది కూడా. డైరీలో ఆ రోజు, మంచివాడే అని రాసుకున్నాను.

ఆ నెల నుంచి మిల్లులో జీతాలు బ్యాంకులో వేస్తామన్నారు. ఖాతా చూసుకోవడానికి బ్యాంకు యాప్ వేసుకున్నాను. అది తెరుచుకోలేదు. ఈ ఫోన్ రక్షణ తొలగించబడింది, ఇందులో సేవలు అందించలేము అని ఎర్ర అక్షరాలతో వచ్చింది. ఆఫీసులో నా పక్క సీటు అక్కకు చూపించాను.

"ఇదేందే, గింత ఖరీదు ఫోన్ గిట్ల మొరాయిస్తుంది?" అంది అక్క.

తాళం తీసిన సంగతి చెప్పాను.

"మరి తాళం దీసినంక మనొక్కలమే లోపలికి పోతమా, ఎవరన్న రావొచ్చు. బ్యాంకోడు భయపడ్డడు జూడు. నువ్వు జర భయపడు."

అతనికి చెబితే తేలిగ్గా కొట్టిపారేశాడు. "దానికీ ఒకటుంది. అది వేస్తే తాళం తీసినట్టు బ్యాంకు యాప్‌కి తెలీదు. ఆదివారం చెల్లిని తీసుకుని షాపుకొచ్చెయ్."

కోదాడ వెళ్లాం. చిన్న షాపు. అద్దాల బల్ల, దాని మీద విప్పి పెట్టిన ఫోన్లు, పక్కన కంప్యూటర్. కూల్‌డ్రింకులు తెప్పించాడు. ఇంతలో ఎవరో స్క్రీన్ గార్డ్ వేయించుకోవడానికి వస్తే అటు తిరిగాడు. చెల్లె నా ఫోన్ తీసుకుని కుందేలు గంతులేసే ఆట ఆడుకుంటోంది. అదీ డబ్బులు కట్టి కొనేదేనట, ఇందులో ఊరికే వచ్చింది.

నేను కంప్యూటర్ వైపు చూశాను. ప్రత్యేకంగా ఏదో చూడాలని కాదు. మనుషుల ముఖాలు చూడలేక అలా వస్తువుల్ని చూడడం నా అలవాటు. తెర మూలన ఫోన్ ఆకారంలో చిన్న కిటికీ తెరిచి ఉంది. అందులో ఒక కుందేలు గంతులేస్తోంది. చెల్లె వేలు పైకి జరిపితే అది ఎగిరింది. వేలు పక్కకు జరిపితే అదీ జరిగింది.

"అబ్బా, పాయె!" అంది చెల్లె.

కంప్యూటర్‌లో కుందేలు గుంతలో పడింది.

అతను ఇటు తిరిగి, తెర చూసి, మౌస్ కదిపి ఆ కిటికీ మూసేశాడు. నా వైపు చూశాడు. నేను కూల్‌డ్రింకు సీసా చూస్తున్నాను. నేను చూశానో లేదో అతనికి తెలియలేదనుకుంటాను.

తర్వాత నా ఫోన్ తీసుకుని ఏదో వేశాడు. "ఇప్పుడు చూడు" అన్నాడు. బ్యాంకు యాప్ తెరుచుకుంది. నా జీతం కనిపించింది. థ్యాంక్స్ అన్నాను. తిరుగు బస్సులో చెల్లె, "అబ్బ, ఎంత మంచిగ జూసుకుంటున్నడే నిన్ను" అంది. నేను ఊఁ అన్నాను. కోపం వస్తుందేమోనని ఎదురు చూశాను. రాలేదు. పంటి వైద్యుడు సూది వేశాక దవడ ఉన్నట్టు, అంతా ఉంది, ఏదీ తెలియడం లేదు.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఏం చెప్పాలో తెలియలేదు. ఫోన్ పక్కన పెట్టేస్తే అమ్మ అడుగుతుంది. అందుకని బస్సులో రోజూ తీసేదాన్ని, నర్సు కథ తెరిచేదాన్ని. చదవడం మాత్రం లేదు. ఒక పేజీ మీద ఎంతసేపు ఉంటే మామూలుగా ఉంటుందో అంతసేపు ఉండి, తిప్పేదాన్ని. ఎక్కడా ఆగకుండా, ఎక్కడా తొందరపడకుండా. తూకాలు ఎక్కించినట్టు. కోదాడలో ఆ మూల కిటికీలో నా పేజీలు తిరుగుతూ ఉంటాయి. కథలో ఏమవుతోందో నాకు తెలియదు.

ఒక సాయంత్రం అతను నవ్వుతూ అన్నాడు. "ఈ మధ్య స్పీడ్ పెంచావ్. నేను అందుకోలేకపోతున్నా."

మర్నాడు మిల్లులో మధ్యాహ్నం అన్నాలయ్యాక అక్క చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. నేను ఫోన్ తీసి, నోట్స్ తెరిచి, టైప్ చేశాను. ఎవరికీ పంపేది కాదు అది. ఊరికే తెర మీద.

నువ్వు చూస్తున్నావని నాకు తెలుసు. షాపులో కుందేలును చూశాను. నాకు ఈ పెళ్లి వద్దు.

నోటితో నేనెప్పుడూ అనలేనివి. తెర ఆరిపోకుండా బొటనవేలితో ముట్టుకుంటూ, ఎడమ చేత్తో తూకం చీట్లు సర్దుకుంటూ కూర్చున్నాను. బయట లారీ వెనక్కి వస్తుంటే హమాలీలు "రానీ, రానీ" అంటున్నారు. అక్క వచ్చి కూర్చుంది. ఫోన్ మోగింది. నేను రాసిన మాటల మీద అతని ఫొటో వచ్చి పడింది. ఎత్తలేదు. ఆగిపోయాక మళ్లీ ఆ మాటలు కనిపించాయి. మళ్లీ మోగింది.

"ఎత్తవేందే?" అంది అక్క.

"సూసిండు" అన్నాను. అక్కకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి వాకిట్లో అతని బండి ఉంది. నాన్న, అతను ఎదురెదురుగా కూర్చున్నారు. అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. నా ఫోన్ తెర తన కంప్యూటర్‌లో కనిపించేలా పెట్టుకున్నానని అతను అప్పటికే అంతా చెప్పేశాడు. దాచలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

"ఇంకేం చూడలేదు మావయ్యా. ఒట్టు. ఫొటోలు చూడలేదు, మెసేజ్‌లు చూడలేదు. చదివేటప్పుడే తెరిచేవాణ్ని. ఆవిడ అసలు మాట్లాడదు కదండీ. ఏం ఇష్టమో, ఏం ఆలోచిస్తుందో నాకెలా తెలుస్తుంది? ఆవిడతో పాటు నేనూ చదివాను. నా జన్మలో పుస్తకం పట్టుకోలేదు నేను."

అమ్మ నా వైపు తిరిగింది. "పుస్తకాలు జూసిండని పెండ్లి వద్దంటరానే ఎవరన్న? ఇంకేమన్న జూసిండా? జూస్తె చెప్పు, ఇప్పుడే చెప్పు."

"లేదు" అన్నాను.

"మరి?"

ఇప్పటికీ చుట్టాలు అదే అడుగుతారు. ఇంకేదో ఉంటే వాళ్లకు సులువుగా ఉండేది. పిల్లలు లెక్క తప్పు చేసినప్పుడు చూసినట్టు నాన్న నా ముఖంలోకి చూశాడు.

"నాక్కూడ సమజ్ అయితలేదు బిడ్డా" అన్నాడు. "గని నువ్వు చెప్పు. చేసుకుంటవా, వద్దా?"

"వద్దు నాన్నా."

గట్టిగా వచ్చింది. నేనే ఉలిక్కిపడ్డాను. అమ్మ లోపలికి వెళ్లిపోయింది. చెల్లె నా వంక కొత్తగా చూసింది. నేను ఉంగరం తీసి, ఫోన్ డబ్బాలో పెట్టి, డబ్బా అతని ముందు పెట్టాను. పెద్దవాళ్లు తర్వాత ఫోన్లలో మాట్లాడుకున్నారు, మాటలు అనుకున్నారు, ఫంక్షన్ హాలు రద్దు చేశారు. నా వరకు అయిపోయింది ఆ పూటే.

అతను చెప్పులేసుకుని, డబ్బా చంకలో పెట్టుకుని, వాకిట్లో ఆగాడు. నేను గుమ్మంలో ఉన్నాను. అతని ముఖంలోనూ కోపం లేదు, ఏదో లెక్క తేలనట్టుంది.

"నిన్న నువ్వు ఆపిన దగ్గర్నుంచి ఇవాళ నా ఫోన్‌లో నేనే చదివా, నీ మాటలు చూసే ముందు" అన్నాడు. "పూర్తయింది. చివర్లో ఆ నర్సు ఏం చేసిందో చెప్పనా?"

"చెప్పకు" అన్నాను.

తలూపి బండి తీశాడు.

ఇప్పుడు నా దగ్గర మామూలు ఫోన్ ఉంది. బ్యాంకు యాప్ ఏమీ అనకుండా తెరుచుకుంటుంది. నర్సు కథ ఇక్కడి గ్రంథాలయంలో లేదు. అచ్చు పుస్తకం ఎక్కడైనా దొరుకుతుందేమో గానీ నేను గట్టిగా వెతకలేదు. మళ్లీ కాగితం పుస్తకాలే బస్సులోకి తీసుకెళ్తున్నాను. పక్క సీటులో వాళ్లు నా పేజీలోకి తొంగి చూస్తే మూసి ఒళ్లో పెట్టుకుంటాను. వాళ్లు ఇబ్బందిపడి కిటికీ వైపు తిరుగుతారు. కాసేపయ్యాక మళ్లీ తెరుస్తాను. ఎక్కడున్నానో వెతుక్కునేసరికి మిర్యాలగూడ వచ్చేస్తుంది.