కుక్కకెన్ని పూటలు

గద్వాల సంస్థానం రోజుల్లో, మా అత్తగారి ఊళ్లో ఎవరు కుక్కపిల్లను తెచ్చుకున్నా ముందు మా మామను అడిగేవాళ్లు. పాలు మరిచిన పిల్లకు నాలుగు పూటలు, అంబలిలో మజ్జిగ కలిపి పొయ్యాలి. ఆరు నెలలు దాటితే రెండు. ఎదిగిన కుక్కకు పొద్దుగూకినాక ఒక్క పూట చాలు, ఎక్కువ పెడితే తిని పడుకుంటుంది, మేకలను తోడేలు ఎత్తుకుపోతుంది. పళ్లూడిన ముసలిదానికి మళ్లీ రెండు, రొట్టె నానబెట్టి. సంతకు పోయినా ఇదే ముచ్చట. మనుషులకెన్ని పూటలో ఆయన చెప్పగా నేను వినలేదు.

ఆ ఇంట్లో మగవాళ్లకు మూడు పూటలు, ఆడవాళ్లకు రెండు. అదీ వాళ్లు తిన్నాక మిగిలితే. గాదెలోంచి జొన్నలు తీసిచ్చేది మామే.

ఆ ఎండాకాలం మా ఇంటి కుక్కా నేనూ ఒకేసారి కడుపుతో ఉన్నాం. మా అమ్మ లేదు కనుక తొలికాన్పుకు నన్ను పుట్టింటికి పంపలేదు. మామ అత్తమ్మను పిలిచి, "కుక్కకు మధ్యాహ్నం గూడ ఒక రొట్టె పెట్టు. కడుపుల పిల్లలున్నయి" అన్నాడు. పెట్టే పని నాది. నాకు ఒళ్లు మండిపోయింది. కుక్క మీద కాదు, అదేం చేసింది పాపం.

ఒకరోజు కళ్లు తిరిగి పశువుల కొట్టంలో కూలబడ్డాను. కుక్క రొట్టెలో సగం తుంచి తింటుంటే అత్తమ్మ చూసింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె మర్నాడు రెండు రొట్టెలు చేతికిచ్చి, "ఒకటి కుక్కకు" అంది. రెండోది ఎవరికో చెప్పలేదు, నేనూ అడగలేదు. మామతో మాత్రం "కుక్కకు సాల్తలేదు, జొన్నలు జర ఎక్కువ ఇయ్యి" అంది.

కుక్క ఈనింది. పది రోజులకు నాకు బిడ్డ పుట్టింది. "కుక్క గింత తింటది, బక్కగనే ఉన్నదేంది?" అని మామ అడిగితే, "పిల్లలు పీకుతున్నయి" అనేది అత్తమ్మ. రెండు నెలలకు కుక్కపిల్లలను ఆత్మకూరు వాళ్లు, ఊళ్లోవాళ్లు తీసుకుపోయారు.

ఆ పొద్దు అన్నం దగ్గర మామ, "ఇగ కుక్కకు ఒక్క పూట సాలు. జొన్నలు తగ్గిస్త" అన్నాడు. పాలు తాగే బిడ్డను ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చున్నాను.

"తగ్గియ్యకు," అంది అత్తమ్మ. "రెండో రొట్టె కోడలు తింటది. ఇన్నొద్దులు గూడ ఆమెనే తిన్నది."

మామ నమలడం ఆపాడు. "ముందే చెప్పరాదా? నేను వద్దంటనా?"

"నలుగురిని కన్న. నలుగురప్పుడూ చెప్పిన. వద్దంటివి. ఒక్కడు మిగిలిండు."

ఆ ఒక్కడు నా పెనిమిటి. మామ పక్కనే కూర్చుని తింటున్నాడు. మామ చెయ్యి కడుక్కుని గాదె దగ్గరికి పోయి మర్నాటి జొన్నలు తగ్గించకుండా పోసిచ్చాడు.