గాలికీ ఎంగిలి ఉంటుందన్న టీచరమ్మ

పోయిన గురువారం పొద్దున మా టీచరమ్మ పోయారు. ఉప్పల్ బస్సు తప్పిపోతుందని ఆదరాబాదరా చీర కట్టుకుంటుంటే ఆవిడ కూతురు ఫోన్ చేసింది. "అమ్మ పోయిందక్కా, ఊపిరి అందలే" అని పెట్టేసింది. కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని అలాగే మంచం మీద కూలబడ్డాను.

ఆవిడ గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే, ఐదేళ్లుగా మింగుతూ వచ్చిన ఒక మాట గొంతుకు అడ్డం పడుతోంది. అది చెప్పకుండా ఆవిడను పొగడటం నాకు చేతకాదు.

టీచరమ్మ రామంతాపూర్‌లో ఒక సర్కారు బడిలో డ్రిల్లు నేర్పి రిటైరయ్యారు. ఆ తర్వాత నాచారంలో మా కాలనీ హాల్లో, మేడ మీద, రోజూ పొద్దున్నే ఆడవాళ్లకు వ్యాయామం చేయించేవారు. ఇరవై మందిమి ఉండేవాళ్లం. గుంటూరు వైపు నుంచి వచ్చి, ఆఫీసు కుర్చీలో కూర్చుని కూర్చుని లావెక్కిన నాలాంటివాళ్లు సగం, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు సగం.

రాగానే ఆవిడ చేసే మొదటి పని కిటికీలన్నీ బార్లా తెరవడం. మేం చేసే మొదటి పని వాటిని మూసేయడం. ఒక పక్క టీ కొట్టు, కప్పు చేతిలో పట్టుకుని పైకి చూసే మగాళ్లు. ఇంకో పక్క మల్లాపూర్ ఫ్యాక్టరీల వాసన. మూసేవాళ్లకు నాయకురాలిని నేనే. అప్పట్లో నా నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. మీకేం పోయింది టీచరుగారూ, గెంతేది మేము, పరువు పోయేది మాది అని మొహం మీదే అనేశాను.

ఆవిడ కోప్పడలేదు. "ఒకలు తాగిన గిలాసల నీళ్లు ముట్టరు గద మీరు. మరి ఒకలు ఇడిసిన గాలి ఎట్ల పీలుస్తున్రు? గాలికి ఎంగిలి లేదా?" అన్నారు. మర్నాడు తన పాత నేత చీరలు తెచ్చి, కిటికీ చువ్వలకు కింది సగం వరకు కట్టేశారు. మగాళ్లకు మేం కనిపించం, పైనుంచి గాలి ఆడుతుంది. వాసనకు మాత్రం ముక్కు మూసుకోవడమే మందు అని నవ్వారు.

బడి అలవాటు పోక హాజరు పట్టీ కూడా పెట్టారు. ఏడాదంతా ఒక్కరోజు కూడా మానకుండా వచ్చినవాళ్లకు పేరు కొట్టించిన స్టీలు గ్లాసు బహుమతి. నవ్వుతారేమో గానీ, ఆ గ్లాసు కోసం మేం పడే పోటీ అంతా ఇంతా కాదు.

స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాది ఆవిడ ఇంకా గట్టిపడ్డారు. సుద్దముక్కతో నేల మీద గళ్లు గీసి, మనిషికీ మనిషికీ మధ్య రెండు గళ్లు వదిలారు. ఒకేసారి పదిమందికి మించి రానివ్వలేదు. దగ్గినా తుమ్మినా ఇంటికి పొమ్మన్నారు.

అప్పటిదాకా నాకు ఒక్క ఆబ్సెంటూ లేదు. ఒకరోజు తెల్లారేసరికి ఒళ్లు కాలిపోతోంది. జ్వరం మాత్ర మింగి, దగ్గు రాకుండా లవంగం బుగ్గన పెట్టుకుని వెళ్లాను. ఒక్కరోజుకు ఏమవుతుందిలే అనుకున్నాను. ఎంత సిగ్గుమాలిన పని!

మర్నాటి నుంచి క్లాసుకు దసరా సెలవులు; నా జ్వరం ఆ నాలుగు రోజుల్లోనే దిగిపోయింది. టీచరమ్మ మాత్రం దవాఖానాలో పడ్డారు. ఆక్సిజన్ పెట్టారని తెలిసింది, క్లాసు ఆగిపోయింది. నాకొచ్చింది అదో కాదో పరీక్ష చేయించుకోలేదు. నా మనసుకు మాత్రం ఏ పరీక్షా అక్కర్లేకపోయింది.

రెండు నెలల తర్వాత ఆవిడ మెట్లెక్కుతూ సగంలో ఆగి, రొప్పుతూ వచ్చారు. అందరినీ కూర్చోబెట్టి, "పానం మంచిగ లేక ఇంట్ల ఉన్నోళ్లకు గూడ ఇయ్యాల్టి సంది హాజరే ఏస్తా. గిలాస ఆశ జూపి ఉరికిచ్చుడు నా తప్పు" అన్నారు. తప్పు ఎవరిదో తెలిసిన నేను తల వంచుకుని కూర్చున్నాను. ఉగాదికి గ్లాసు నాకే వచ్చింది. దాంట్లో ఇంతవరకూ గుక్కెడు నీళ్లు తాగలేదు.

దెబ్బతిన్న ఆ ఊపిరితిత్తులు మళ్లీ కోలుకోలేదు. కొన్నాళ్లకు మెట్లెక్కలేక క్లాసు మానేశారు. పోయిన నెల, కొత్త రాష్ట్రం సంబరాలు వీధుల్లో ఇంకా సద్దుమణగక ముందే, ఇక దాచలేక వాళ్లింటికి వెళ్లాను. మంచం పక్కన కూర్చుని మాత్ర సంగతీ, లవంగం సంగతీ అంతా చెప్పేశాను.

"తెల్సు బిడ్డా. ఆ పొద్దు చెయ్యి సరిజేద్దామని నీ రెట్ట పట్టుకున్న. కాలిపోతుండె." ఊపిరి కోసం ఆగారు. "ఇంటికి పంపాలె. నలుగుర్ల నీ పరువు పోతదని పంపలే. కిటికీ కాడికి జరిపి, నీకూ వాళ్లకూ నడుమ నేను నిలబడ్డ."

నిజమే. ఆ రోజు నన్ను ముందు వరసలోంచి తీసి, చివరి కిటికీ పక్కన నిలబెట్టి, క్లాసు అయ్యేదాకా ఆవిడ నా ముందు నుంచి కదల్లేదు. నా మీద కక్ష కట్టారని ఇంటికొచ్చి మా ఆయన దగ్గర ఏడ్చాను కూడా.

ఇప్పుడు మళ్లీ ఏడుస్తుంటే ఆవిడే నా వీపు నిమిరారు. "ఏడ్వకు. పక్కోళ్లు ఎవ్వరికీ రాలే గద" అన్నారు.

వద్దంటే వినకుండా గేటు దాకా వచ్చారు. పది అడుగులకు మూడుసార్లు ఆగారు. వీధి మలుపులో వెనక్కి తిరిగి చూశాను. గేటు చువ్వలు రెండు చేతులతో పట్టుకుని, భుజాలు ఎగసిపడుతుంటే, ఇంకా నన్నే చూస్తూ నిలబడి ఉన్నారు.